పళ్ళేనికి పన్నెండు బాదం పప్పులు

మా సందులో బా తుహామీ తన జన్మలో రొట్టె కొని ఎరగడు. బిస్కెట్టు కొనలేదు, బాదం పప్పూ కొనలేదు. మొరాకోలో, ఈ ఫెజ్ పాతబస్తీలో రొట్టెల బట్టీ నడిపేవాడు ఇవి కొన్నాడంటే జాలరి చేపలు కొన్నట్టే, నలుగురూ నవ్వుతారు. ఎనభై ఇళ్ళ పిండి ఆయన బట్టీలోనే కాలాలి. కాలిన ప్రతి పళ్ళెంలోంచీ ఒకటి ఆయన తీసుకుంటాడు. అడిగేదీ లేదు, ఇచ్చేదీ లేదు. పళ్ళెం ఒక మూల ఖాళీతో ఇంటికొస్తుంది. ఆ ఖాళీకి బట్టీ వాటా అని పేరు. మా అమ్మమ్మ ఆ ఖాళీ చూసుకున్నాకే బిస్మిల్లా అని రొట్టె తుంచేది.

నా పేరు బతూల్. జెల్లాబా అంగీలకు పట్టుదారంతో గుండీలు అల్లడం నా పని, ఎదుటివాళ్ళ తప్పులు వెతకడం నా అలవాటు. ఈ రెండోది మా ఆయన మాట. నలభై ఏళ్ళుగా బా తుహామీకి పళ్ళేలు పంపుతున్నాను. కనుబొమ్మల మీద పిండి, పొట్ట మీద బిగిసిన బనియను, చేతిలో మనిషికన్నా పొడుగు తెడ్డు. ఆడవాళ్ళందరినీ మర్యాదగా లల్లా అంటాడు. పిండి ముద్ద చూసి అది ఎవరిదో చెప్పేస్తాడు. "ఇవాళ మీ ఆయనతో పోట్లాడినట్టున్నారే లల్లా, పిండిని అంతలా గుద్దారు?" అని ఒకసారి నన్ను నలుగురిలో అడిగాడు. నిజమే, పోట్లాడాను. అయినా అడగాలా?

అంత మనిషికీ ఒక భయం ఉండేది. వాళ్ళ నాన్న అరవై రెండో ఏట, రంజాన్ పండగకి ముందురోజు, సాయంత్రపు అసర్ నమాజుకీ, పొద్దుగూకాక ఉపవాసం విడిచే మగ్రిబ్ బాంగుకీ మధ్య, ఇదే బట్టీ ముందు తెడ్డు పట్టుకునే పోయాడు. ఆ ఏడాది కాగితం ప్రకారం బా తుహామీకి అరవై రెండు. వాళ్ళమ్మ లెక్క వేరు. వరదొచ్చి కట్టెల గాడిదలు కొట్టుకుపోయిన ఏడు పుట్టాడనేది ఆవిడ. ఆ లెక్కన అరవై ఆరు.

"అయితే ఇంకేం, నాలుగేళ్ళ కిందటే గండం దాటేశావు" అన్నాను.

"అలా ఎలా కుదురుతుంది లల్లా? కాగితం ప్రభుత్వం రాసింది. అమ్మకి చదువు రాదు" అన్నాడు.

ఆ భయంతోనే డాక్టర్ లహ్లూ దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు రక్తం తీసి చూసి, గుండె జాగ్రత్త అన్నాడట. తెల్ల పిండి మానెయ్, చక్కెర మానెయ్, వెన్న మానెయ్, రోజూ గుప్పెడు బాదమో అక్రోటో తిను అన్నాడట. ఆ రోజు నుంచి బట్టీ కాస్తా ఆస్పత్రి అయింది. పళ్ళెం తెచ్చిన ప్రతి ఆడదానికీ ఉపన్యాసమే.

"బాదంలో ఉండేది మంచి కొవ్వు లల్లా. మన ఒంట్లో ఉండేది చెడ్డ కొవ్వు. మంచిది లోపలికెళ్ళి చెడ్డదాన్ని మెడపట్టి బయటికి గెంటుతుంది. అక్రోటు మెదడుకి. ఒలిచి చూడండి, అచ్చం మెదడులాగే ఉంటుంది."

"నువ్వు మెదడు ఒలిచి చూశావా ఎప్పుడైనా?" అన్నాను.

"మీ చేత అక్రోట్లు తినిపించాలి" అన్నాడు.

రంజాన్ చివరి వారం వచ్చింది. అప్పుడిక మా సందులో మనుషులు నడవరు, పళ్ళేలు నడుస్తాయి. అన్నిటికన్నా ఎక్కువగా వెళ్ళేది గ్రీబా. బాదం పొడి, చక్కెర, వెన్న కలిపి చేసే గుండ్రటి బిస్కెట్టు. కాలాక పైన బీటలు వారుతుంది, నడుమ ఒక బాదం పప్పు కన్నులా కూర్చుంటుంది. చుట్టాలు ముందు చూసేది ఆ కన్నునే. కన్ను లేని గ్రీబా పెట్టిన ఇల్లాలిని పిసినారి అనడానికి ఈ ఊళ్ళో సాక్ష్యం అక్కర్లేదు.

నా నలభై గ్రీబాలు తిరిగొచ్చాయి. పన్నెండింటికి కళ్ళు లేవు. పప్పు ఊడిన చోట నున్నగా గుంట. బట్టీ వాటా ఖాళీ కూడా లేదు. బిస్కెట్లు నలభై నలభైలాగే ఉన్నాయి. పక్కింటి హాజా ఖద్దూజ్ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ వంటింట్లో తన పళ్ళెం ముందేసుకుని కూర్చుంది. పన్నెండు గుంటలు. ఇంటింటికీ తిరిగాను. పెద్దింటికీ పన్నెండే, పేదింటికీ పన్నెండే.

"ఎలుక కాదు. ఎలుకకి లెక్కలు రావు" అంది హాజా ఖద్దూజ్.

ఆ సాయంత్రం అసర్ అయ్యాక మేం ఏడుగురం బట్టీకి వెళ్ళాం. బా తుహామీ జెల్లాబా తొడుక్కుని ఇంటికి బయల్దేరుతున్నాడు.

"బాదం పప్పులు ఎవరు తీశారు?" అన్నాను.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి వీపున వేలాడే జెల్లాబా టోపీ మీదికి పోయింది. "నాకేం తెలుసు లల్లా?" అంటూ చెప్పులు తొడుక్కోవడానికి వంగాడు. అంతే. టోపీ తిరగబడింది. ఆయన తలమీదుగా బాదం పప్పులు జలజలా రాలాయి. మేమందరం నోళ్ళు తెరిచి చూస్తుండగా రాలుతూనే ఉన్నాయి. చివరిది ఆయన చెవి దగ్గర కాసేపు ఆగి, తర్వాత పడింది.

ఆయన మాత్రం సిగ్గుపడలేదు.

"డాక్టరు చెప్పిందే చేశాను" అన్నాడు. "పళ్ళేనికో గ్రీబా నా వాటా. అవునా? అందులో పిండి తీసెయ్యమన్నాడు, చక్కెర తీసెయ్యమన్నాడు, వెన్న తీసెయ్యమన్నాడు. మిగిలేది ఏంటి? ఒక గ్రీబాకి పన్నెండు బాదం పప్పులు పడతాయి. ఆ పన్నెండే తీసుకున్నా. బిస్కెట్టు మీకే వదిలేశా. ఇంకా నేనే మీకు పిండీ చక్కెరా మిగిల్చా. మగ్రిబ్ అయ్యాక తింటున్నా, ఉపవాసం కూడా చెడలేదు."

నిజం చెప్పొద్దూ, ఆ లెక్కలో తప్పు ఎక్కడుందో నాకు దొరకలేదు. దొరకనందుకే ఒళ్ళు మండింది. చుట్టాలకి గుడ్డి గ్రీబాలు పెట్టాలి కదా అన్న మంట ఒకటి. "ఎన్ని కబుర్లు చెప్పినా దొంగ దొంగే!" అనేశాను.

బా తుహామీ మొహం తెల్లబోయింది. పిండి వల్ల కాదు. నలభై ఏళ్ళలో ఆ బట్టీలో ఒక్క రొట్టె తారుమారు కాలేదు. ఆయన కిందపడ్డ పప్పులు ఒక్కొక్కటే ఏరి, నా చేతిలో పోసి వెళ్ళిపోయాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం.

మర్నాటి నుంచి పళ్ళేలు నిండుగా వచ్చాయి. కళ్ళన్నీ ఉన్నాయి. రొట్టెలన్నీ ఉన్నాయి. మూలన ఖాళీ లేదు. ఆయన వాటా తీసుకోవడం మానేశాడు. మొదటిరోజు మా ఆయన రొట్టె తుంచబోయి ఆగాడు. ఎందుకో ఆయనకీ తెలియదు. హాజా ఖద్దూజ్ తన పళ్ళెం ఎత్తుకుని మా ఇంటికొచ్చేసింది.

"డెబ్భై ఏళ్ళొచ్చాయి, నిండు పళ్ళెం నేనెప్పుడూ చూళ్ళేదు. భయమేస్తోందే బతూల్. బట్టీవాడు ముట్టని రొట్టె శత్రువు ఇంటి రొట్టె అంటారు. పైగా ఎల్లుండో ఆ మర్నాడో పండగ. వాళ్ళ నాన్నలా ఈయన కూడా పోతే?"

"పోతే?"

"నువ్వు దొంగన్న మాటతో పోతాడు."

"అన్నది నేనే. వెనక నిలబడి తలలూపింది ఎవరు? తిలాపాపం తలా పిడికెడు" అన్నాను గానీ, ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. పిడికెడు అందరిదీ కావచ్చు, గంప మాత్రం నాదే.

ఇరవై తొమ్మిదో ఉపవాసం వచ్చింది. నెలవంక కనిపిస్తే రేపు పండగ. అంటే ఆ గండం రోజు ఇవాళే. అసర్ కాగానే నేను పళ్ళెం పట్టుకుని బట్టీకి వెళ్ళాను. చూస్తే సందంతా అక్కడే ఉంది. నలభైమంది ఆడవాళ్ళు, తలా ఒక పళ్ళెం. ఎవరూ పళ్ళెం లోపలికి ఇవ్వరు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన తుమ్మితే నలభైమందీ అల్లా అన్నారు. ఆయన గోడకి ఆనుకుంటే ఒకావిడ ఏడుపు మొదలుపెట్టింది.

"ఏంటమ్మా ఇది?" అని అరిచాడు బా తుహామీ. "మీరిలా చూస్తే రాయైనా పగిలి చస్తుంది! పళ్ళేలు ఇవ్వండి, లేకపోతే పొండి!"

"నా పళ్ళెంలోంచి పన్నెండూ తీసుకో బా తుహామీ" అన్నాను. "పన్నెండేంటి, నలభై తీసుకో. మగ్రిబ్ కాగానే తిను. నీ గుండెకి మంచిది."

"దొంగ చెయ్యి మీ బిస్కెట్ల మీద ఎందుకు లల్లా" అని తెడ్డు లోపలికి తోశాడు.

మగ్రిబ్ బాంగు అయింది. మనిషి నిక్షేపంలా నిలబడి ఉన్నాడు. మేమంతా ఖర్జూరం నోట్లో వేసుకుని ఒకరినొకరు కావలించుకున్నాం. గంటలో కబురొచ్చింది, నెలవంక కనపడలేదట. పండగ ఎల్లుండి. అంటే గండం రోజు ఇవాళ కాదు, రేపు.

"అయితే ఇవాళ బతికింది లెక్కలోకి రాదా?" అంది హాజా ఖద్దూజ్.

మర్నాడు మళ్ళీ వెళ్ళాం. ఈసారి స్టూళ్ళు పట్టుకెళ్ళాం. ఉపవాసంతో ఎవరికీ మాట్లాడే ఓపిక లేదు. నేను గుండీలు అల్లుతూ కూర్చుని, ఆయన ఊపిరి తీసినప్పుడల్లా ఒక ముడి వేశాను. ఆ గుండీ ఇప్పటికీ నా దగ్గరుంది, ఏ అంగీకీ పనికిరాదు. ఎండ గోడ మీద ఒక్కో రాయే ఎక్కి పోయింది. బాంగు వినపడింది. బా తుహామీ తెడ్డు కిందపెట్టి, చేతులు చూసుకుని, వాటితో మొహం తడుముకున్నాడు.

"నాన్నకన్నా పెద్దవాణ్ణయ్యాను" అన్నాడు. అని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మేమూ ఏడ్చాం. అంతా అయ్యాక కూడా ఎవరి పళ్ళెంలోంచీ ఏమీ తీసుకోలేదు.

పండగ పొద్దున ఆయన తెల్ల జెల్లాబాలో ఇల్లిల్లూ తిరిగి పలకరించాడు. మా ఇంటికి రాడేమో అనుకున్నాను. వచ్చాడు. నేను ముందే పన్నెండు గ్రీబాల కళ్ళు నా చేత్తో పీకి, గిన్నెలో పోసి ఉంచాను. గిన్నె ఆయన ముందు పెట్టాను. క్షమించమనే మాట నోటి దాకా వచ్చి అక్కడే కూర్చుంది.

ఆయన గిన్నె పక్కకి జరిపాడు. పళ్ళెంలోంచి ఒక గుడ్డి గ్రీబా తీసి కొరికాడు.

"అయ్యో, డాక్టరు వద్దన్నాడుగా! చక్కెర, వెన్న..."

"బాదం తిన్నది దొంగ లల్లా" అన్నాడు మీసం మీద పొడి రాలుతుంటే. "ఇది తింటున్నది మీ ఇంటి చుట్టం."

నేను తలగుడ్డ కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన నిదానంగా మొత్తం తిన్నాడు. తర్వాత గిన్నె ఎత్తి, "మర్యాద వేరు, మందు వేరు" అంటూ పప్పులు వీపున ఉన్న టోపీలో పోసుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కోవడానికి వంగాడు.

మళ్ళీ జలజలా.

ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని ఏరాం. ఆయన లెక్కపెట్టాడు. పదకొండు. చాప ఎత్తి చూశాడు, చెప్పుల్లో చూశాడు. పన్నెండోది నా నోట్లో ఉంది. ఎందుకు వేసుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. నమలకుండా బుగ్గన పెట్టుకుని నేనూ ఆయనతో పాటు వెతుకుతున్నాను.

బా తుహామీ నా బుగ్గ వంక కాసేపు చూశాడు.

"పోనీలెండి లల్లా" అన్నాడు లేస్తూ. "అది మీ వాటా."