మా అమ్మాయి టోపీ కేసు

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం రాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో పోచంపల్లి చీరల కొట్టు నడుపుతాను. ఆరు గజాల చీరను అరవై గజాల మాటల్లో చుట్టి ఇవ్వడం నా వృత్తి. కాబట్టి కింద రాసినదాన్ని కాస్త కోత వేసుకుని చదవండి. ఎక్కడ సాగదీశానో మీకే తెలిసిపోతుంది. ఒక్కచోట మాత్రం పూర్తిగా కల్పించాను. అదెక్కడో చివర్లో చెబుతాను.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఎల్‌బీ నగర్‌లో మా ఇంటికి దగ్గర్లోనే స్కూలు. దసరా సెలవులకు ముందు తనకు డెంగీ వచ్చింది. జ్వరం ఎంతంటే, నుదుటి మీద దోసె పోస్తే తిరగేయక్కర్లేకుండా కాలేది. మా అమ్మ భయపడిపోయి, పిల్ల లేచి తిరిగితే గుట్టకు వచ్చి తలనీలాలు ఇస్తామని యాదగిరి నరసింహస్వామికి మొక్కింది. మొక్కింది ఆమె, నీలాలు మాత్రం పిల్లవి. జ్వరం తగ్గింది, గుట్టకు పోయాం, నడుము దాటిన జడ అక్కడే ఉండిపోయింది. అమ్మాయి ఏడవలేదు. ఏడవలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకుని అందరం పులిహోర తిన్నాం.

సెలవులయ్యాక యూనిఫాం రంగులో ఒక టోపీ తనే ఏరికోరి కొనుక్కుని, పెట్టుకుని స్కూలుకు పోయింది.

ఒక గురువారం అన్నం డబ్బా మర్చిపోతే ఇవ్వడానికి వెళ్లాను. ఆ స్కూలు వరండా ఎంత పొడుగంటే, ఈ చివర నడక మొదలుపెడితే ఆ చివర చేరేసరికి విజయవాడ వచ్చేసిందేమో అని అనుమానం వస్తుంది. అందులో సగం దూరంలో, తరగతి కిటికీ పక్కన, మా అమ్మాయి నిలబడి ఉంది. గట్టు మీద నోట్‌బుక్ పెట్టుకుని, లోపల బోర్డు మీద కనబడినంత వరకు లెక్కలు రాసుకుంటోంది.

“ఏమైంది బిడ్డా?”

“టోపీ తీస్తెనే లోపలికి రానిస్తరంట. తీయనన్న.”

“ఎప్పటి సంది?”

“సోమవారం సంది. డాడీ, లొల్లి చెయ్యకు.” నోట్‌బుక్‌లో పేజీ తిప్పింది. “చేస్తే జర మెల్లగ చెయ్యి.”

ఇంతలో, స్కూల్లో క్రమశిక్షణ కూడా చూసుకునే ఆటల మేడం వచ్చింది. ఆమె విజిల్ ఊదితే ఎల్‌బీ నగర్ స్టేషన్‌లో మెట్రో రైలు తలుపులు మూసుకుంటాయి.

“క్లాసుల టోపీ పెట్టొద్దని రూల్ సార్. ఒక్కరికి ఇడిస్తె రేపు అందరు హీరోల లెక్క పెట్టుకొనొస్తరు.”

“గుండు మేడం. నలుగురు నవ్వుతరని పెట్టుకుంది.”

“దేవుని పని గద సార్, సిగ్గేంది? మా ఇంట్ల అందరికైనయ్.”

“టోపీ ఎందుకని పిల్లను ఒక్క మాట అడిగిండ్రా?”

“రూల్‌కు అడిగేదేముంటది సార్? ప్రిన్సిపాల్ సార్ మూడింటికి ఒస్తరు. ఏదున్నా ఆయనకే చెప్పుకోండ్రి.”

కొట్టుకు పోయాను కానీ, ఆ పూట ఏ చీర మడతా సరిగ్గా పడలేదు. మళ్లీ మెట్రో ఎక్కి, ఫోన్‌లో విద్యాహక్కు చట్టం తెరిచాను. బడిలో పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అని పదిహేడో సెక్షన్‌లో ఉంది. చైతన్యపురిలో పిల్లలు ఏళ్లకేళ్లు కోచింగ్ తీసుకుంటే వచ్చే చదువు, ఆ స్టేషన్ దాటేలోపే నాకు వచ్చేసింది. ఎల్‌బీ నగర్‌లో పూర్తి స్థాయి లాయరుగా దిగాను.

ప్రిన్సిపాల్ గారిది గుంటూరు వైపు. ఆయన టేబుల్ మీద నాదర్‌గుల్ శిక్షణ విమానం ఒకటి సుఖంగా దిగొచ్చు.

“కూర్చోండి సార్. మజ్జిగ తీసుకుంటారా?”

కూర్చోలేదు. లాయర్లు నిలబడే వాదించాలి.

“సార్, నాలుగు రోజుల సంది నా బిడ్డ వరండాల నిలబడ్డది. పాఠం పోయింది, పరువు పోయింది. ఇది వేధింపు గాకపోతే ఏంది? చట్టం ఒప్పుకోదు. రూల్ మీదే గావొచ్చు, తల మాత్రం ఆమెది. శిక్ష ఏసేముందు ఆమె మాట ఇనాలె గద?”

ఇంత బాగా మాట్లాడతానని నాకే తెలియదు. గోడ మీది గడియారం కూడా ఆగి విన్నదని నా నమ్మకం.

ఆయన కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. “అడగలేదండీ. తప్పే. మేడంతో నేను మాట్లాడతాను.” తర్వాత మెల్లగా అడిగారు. “మరి గుండు చేయించే ముందు మీరు అడిగారాండీ, అమ్మాయిని?”

నేను ఆయన కళ్లలోకి సూటిగా చూశాను. కిటికీ అద్దాలు అదిరేలా అన్నాను: “అడగలేదు సార్. గట్లయితే మనిద్దరం పోయి జర సేపు వరండాల నిలబడదాం, పదండ్రి!”

అప్పుడు అమ్మాయిని లోపలికి పిలిపించారు. ఎవరూ చెప్పకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నువ్వు చెప్పమ్మా, ఏం చేద్దాం?”

“టోపీ ఉంచుకుంట సార్. ఎప్పుడు తీయాల్నో నేనే చూసుకుంట. ఇంకోటి, నాలుగు రోజుల లెక్కలు మళ్లీ చెప్పాలె. కిటికీల నుంచి బోర్డు సగమే కనబడ్డది.”

“చెప్పిస్తాను. ఇంకేమైనా ఉందా?”

“అది మీకు కాదు సార్, మా డాడీకి.” నా వైపు తిరిగింది. “నానమ్మకు చెప్పు. ఇంకోసారి మొక్కితే ఆమె జుట్టే మొక్కుమను.”

ఆ సాయంత్రం మా అమ్మకు ఈ తీర్పు చదివి వినిపించాను. ఆమె తల తడుముకుంది. “ఉన్నయే నాలుగు ఎంటికలు. ఇస్తె సామి వాపస్ పంపుతడు గని తీసుకుంటడా?” అయినా రాత్రి మనవరాలి పక్కన కూర్చుని, ఆ నూనూగు తలకు నూనె రాస్తూ, “రాయనా బిడ్డా?” అని అడిగి మరీ రాసింది. మా ఇంట్లో అలాంటి ప్రశ్న వినపడటం నాకు తెలిసి అదే మొదలు.

అమ్మాయి మర్నాటి నుంచి తరగతిలోనే, టోపీతోనే కూర్చుంది. చలి ముదరకముందే ఒకరోజు పొద్దున టోపీని మేకుకు తగిలించి బయల్దేరింది.

“టోపీ మరిచినవే!”

“మరవలే. చాల్లే అనిపించింది.”

ఇక నా ఒప్పుకోలు. వరండా, విజిల్, విమానం, ఇవన్నీ సాగదీతలే, కల్పనలు కావు. కల్పించింది ప్రిన్సిపాల్ గారికి నేనిచ్చిన జవాబు. నిజానికి ఆయన ఆ ప్రశ్న అడిగాక నేను చేసింది ఒక్కటే. కూర్చుని మజ్జిగ తాగాను. వరండా మాట మా అమ్మాయిది. ఇంటికి నడిచొస్తుంటే, జరిగిందంతా చెప్పించుకుని, “అయితే మీరిద్దరు పోయి జర సేపు వరండాల నిలబడాలె డాడీ” అంది. అంత మంచి మాట నేనే అన్నట్టు రాసుకోవాలని ఏ రచయితకు ఉండదు?

ఇది రాసేముందు, రాయొచ్చా అని తనను అడిగాను. ఒక్క షరతు పెట్టింది. ఆ మాట ఎవరిదో చివర్లోనైనా చెప్పాలట. చెప్పాను.