పది మూరల దూలం

ఇట్టోకి కోపమెక్కువని మా కొండ ఊళ్ళో అందరూ అంటారు. ఆ కోపం ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. ఆ రోజు గానుగ దూలం మీద నేనూ కూర్చున్నాను.

హద్దూ అనే ఆసామి గానుగలో మేం ఆడవాళ్ళం కూలికి ఆలివ్ నూనె తీసేవాళ్ళం. నలిగిన కాయల ముద్దను గడ్డిబుట్టల్లో నింపి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైనుంచి దూలం దించేవాళ్ళం. దూలం ఒక కొస గోడ తొర్రలో ఉంటుంది, రెండో కొసకి బండరాయి వేలాడుతుంది. ఆ ఏడు రాయి వైపు కొస పుచ్చిపోయింది. హద్దూ కొత్త మాను తేలేదు. పుచ్చినంత మేరా కోయించి, రాయిని మిగిలిన కొసకి కట్టించాడు. నూనె సరిగా దిగలేదు.

"మీరెక్కి కూర్చోండి" అన్నాడు మాతో.

ఎక్కాం. దూలం పక్కకి ఒరిగింది. అంచునున్న తూదా రాతితొట్టి మీద పడింది. మోచెయ్యి విరిగింది.

"చూసుకుని కూర్చోవద్దూ?" అన్నాడు హద్దూ.

తూదా ఇట్టోకి ఆడపడుచు. ఇట్టో అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"చూసుకోవాల్సింది నువ్వు మామా. దూలం పదహారు మూరలుండేది. బుట్టలు గోడకి రెండు మూరల్లో ఉన్నాయి. రాయి బరువు ఎనిమిదింతలై పడేది. ఇప్పుడు దూలం పది మూరలు, అంటే అయిదింతలే. పోయిన మూడింతలూ మా ఒళ్ళతో పూడుద్దామనుకున్నావు."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"బుట్టల్ని గోడకి మూరెడు దూరానికి జరుపు. పదింతలు పడుతుంది. మనిషి ఎక్కక్కర్లేదు."

"జరిపితే రాయి అంతే దిగినా బుట్టలు సగమే అణుగుతాయి. మాటిమాటికీ దూలం ఎత్తి బుట్టల మీద చెక్కలు పెట్టుకోవాలి. పని సగానికి పడిపోతుంది."

"అయితే నీకు తెలుసన్నమాట. తెలిసే ఎక్కించావు."

ఆమే బుట్టలు జరిపింది. మేమూ చెయ్యి వేశాం. నూనె బాగానే దిగింది, కానీ పని నత్తనడక నడిచింది. వాకిట్లో గాడిదలు బారులు తీరాయి, బస్తాల్లో కాయలు బూజు పట్టాయి. నిన్నటిదాకా "ఆడదానికింత నోరేంటి" అన్నవాళ్ళే హద్దూ మీద విరుచుకుపడ్డారు. చివరికి అతను కొత్త మాను తెప్పించాడు. ఇట్టో మూర వేసి చూసుకున్నాకే దాన్ని తొర్రలో పెట్టనిచ్చింది.

తూదా చెయ్యి మాత్రం మళ్ళీ తిన్నగా సాగలేదు. హద్దూ ఆమెకి జాడీడు నూనె పంపాడు. ఇట్టో దాన్ని మోసుకెళ్ళి అతని గుమ్మంలో పెట్టి వచ్చింది.

"నాకు కదా పంపాడు వదినా? నన్నొక్క మాట అడిగావా?" అంది తూదా, ఒంటిచేత్తో పిండి పిసుకుతూ. "ఇంట్లో చుక్క నూనె లేదు."

తూదా మాటకి వచ్చిన కోపం కూడా ఇట్టో హద్దూ మీదే పెట్టుకుంది.