కాబోయే పెద్ద చేతిలో తాడు కొస

నా చిన్నప్పుడు ఒక పదిహేను రోజులు నాకు నేల మీద కాళ్ళు నిలవలేదు. కారణం మా ఇంట్లోనే ఉండే మా మేనత్త. విశాఖపట్నంలో ఇప్పటి ఫిషింగ్ హార్బరు పక్కన ఇసుకలో చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్ళంతా కలిసి ఆవిడను తమ పెద్దగా ఎన్నుకున్నారు. నిలబడ్డ ఇద్దరి ముందూ రెండు గంపలు పెట్టి, ఎవరికి నచ్చిన గంపలో వాళ్ళు ఒక గవ్వ వేశారు. మా అత్త గంపలో గవ్వలు ఎక్కువ పడ్డాయి.

పెద్ద అంటే మరేమీ కాదు, ఇసుకలో ఎవరి చోటు ఎక్కడో తేల్చే మనిషి. ఎగువన గట్టు మీద చోటు దొరికితే గాలి బాగా తగిలి వేలెడేసి నెత్తళ్ళ చేపలు రెండు రోజుల్లో గలగలమంటూ ఎండిపోతాయి. దిగువన దొరికితే ఇక దేవుడే దిక్కు. పోటు వచ్చిందంటే చాప కిందికి నీళ్ళు. అందుకని ఏడాదికోసారి చోట్లు మార్చేవారు. ముడులు వేసిన కొలతాడు ఒకటి ఉండేది. అది ఎవరి చేతిలో ఉంటే ఇసుకలో మాట వాళ్ళది.

కొత్త పెద్దను అమావాస్యకు ఎన్నుకుని, తాడు మాత్రం పున్నమికి ఇచ్చేవారు. ఆ మధ్య రోజుల్లో ఆవిడను కాబోయే పెద్ద అనేవారు. పాత పెద్ద తాడు మొదలు పట్టుకుని ముందు నడుస్తుంటే, కాబోయే పెద్ద కొస పట్టుకుని వెనకాల నడవాలి. తగువు వస్తే వినాలి, నోరు విప్పకూడదు. ఎవరి కష్టం ఏమిటో చూసి నేర్చుకోమని పెట్టిన రోజులవి. నాకు అదంతా ఎక్కడ బుర్రకెక్కుతుంది? కాబోయే పెళ్ళికూతురికి అందరూ మర్యాదలు చేయడం చూశాను కనుక, ఇదీ అంతేననుకున్నాను. వీధిలో తల ఎగరేసుకుని తిరిగాను.

ఇంట్లో మా అమ్మ తక్కువేం కాదు. ఆ ఏడు మా చోటు బాగా దిగువన పడింది. అన్నాలు తినేటప్పుడల్లా "వొదినా, పున్నమి ఎల్లిపోతే మనకి గట్టు మీద సోటు వొచ్చేత్తాది గదా" అనేది. అత్త నవ్వి ఊరుకునేది. ఔననలేదు, కాదనీ అనలేదు.

పున్నమి రేపనగా అమ్మకు జ్వరం వచ్చింది. అత్త చేపల వేలానికని రేవుకు వెళ్ళింది. గంపెడు నెత్తళ్ళు నెత్తిన పెట్టుకుని తెల్లవారుతూనే నేను ఇసుకలోకి దిగాను. మా చోటు తడితడిగా ఉంది. గట్టు మీద మూలింటి ముసలమ్మ అప్పుడే చాప పరిచి చేపలు ఆరబోసుకుంటోంది. పిల్లాజెల్లా లేని ఒంటరి మనిషి. ఆవిడ ముందు గంప దించి, "మా అత్త కాబోయే పెద్ద. ఈ సోటు ఇక మాది, లెగు" అన్నాను. తల్చుకుంటే ఇప్పటికీ నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ముసలమ్మ నా మొహంలోకి ఒకసారి చూసింది. తిట్టలేదు. చేపలన్నీ మళ్ళీ గంపలోకి ఎత్తుకుని, చాప చుట్టుకుని, దిగువకు పోయింది. చుట్టూ పాతికమంది ఆడవాళ్ళున్నారు. అందరూ గయ్యాళులే, చేప ముక్క కోసం కాకితో కూడా తగువాడేవాళ్ళే. ఒక్కరూ కిక్కురుమనలేదు. రేపటి పెద్దతో మనకెందుకని ఊరుకున్నారు. నేనేమో గెలిచాననుకున్నాను.

పొద్దెక్కేసరికి పున్నమి పోటు ఎగదన్నుకొచ్చింది. ముసలమ్మ చాప తేలింది. సగం నెత్తళ్ళు నీళ్ళతో పోయాయి, మిగతావి ఇసుకా బురదా అయ్యాయి. ఆవిడ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి చీర కొంగుతో చేపలు ఏరుకుంటోంది. అప్పుడు భయమేసింది నాకు.

అత్త వచ్చి చూసింది. సంగతి ఎవరూ చెప్పలేదు, నేనే చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నా చేయి పట్టుకుని పాత పెద్ద ఇంటివైపు నడిచింది. అంతలో మా అమ్మ జ్వరంతోనే పరుగెత్తుకొచ్చి కాళ్ళకడ్డం పడింది. కాబోయే పెద్ద వల్ల తప్పు జరిగితే గవ్వలు మళ్ళీ వేయించాలని కట్టుబాటు.

"ఓలమ్మో, ఏటి సేత్తన్నావే వొదినా! గుంట తెలీక సేసింది. ముసల్దాని సోటు దానికిచ్చేయ్, మన సేపలిచ్చేయ్. నువ్వు సెప్తే ఎవలు కాదంతారు?" అంది అమ్మ. వెనకాలే వచ్చిన ముసలమ్మ కూడా వద్దనే అంది.

"ఎవలూ కాదన్రు. అదే నాకు బయమేత్తంది" అంది అత్త. "తాడు సేతికి రాకముందే మన పేరు సెప్తే మనుసులు లెగిసి పోతన్నారు. నాను తీర్పు సెప్పీదాన్ని కాను. సెప్పీ మనిసి ఇంకా ఉంది."

పాత పెద్ద అందరినీ పిలిచింది. అత్త నన్ను పక్కన నిలబెట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పింది. పాత పెద్ద తాడు తెచ్చి, కొలిచి, ముసలమ్మ చోటు ముసలమ్మకు ఇచ్చింది. మా గంపెడు నెత్తళ్ళూ ఆవిడ చాప మీద పోయమంది. నా చేతులతో నేనే పోశాను. తర్వాత మళ్ళీ గంపలు పెట్టారు. ఈసారి గవ్వలు రెండో ఆవిడకు ఎక్కువ పడ్డాయి. పొద్దున్న నోరు మూసుకున్నవాళ్ళే చాలామంది అటు వేశారు. మా అత్త పెద్ద కాలేదు. ఆ తర్వాత ఎన్నడూ కాలేదు.

ఇంటికొచ్చి నేను వెక్కివెక్కి ఏడ్చాను. నా వల్లే పోయింది అత్తా అన్నాను. ఆవిడ అన్నంలో చారు పోసుకుంటూ, "నువ్వు సొంతంగా అన్నావేటే? మనింట్లో రోజూ అన్న మాటే నువ్వు ఇసకలో అన్నావు. మీయమ్మ అడిగినప్పుడు నాను కాదన్నేదు. తప్పు నాదే" అంది. అమ్మ తల ఎత్తలేదు. అత్త మాత్రం కడుపునిండా తిని, మర్నాడు తెల్లవారకముందే మా దిగువ చోట్లోనే చాప పరిచింది.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. మొన్న వేసవిలో మా కాలనీ ఆడవాళ్ళ సంఘానికి నన్ను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. బాధ్యత తీసుకోవడానికి అప్పటికింకా వారం ఉంది. మర్నాడు పొద్దున్నే నీళ్ళ టాంకరు వరస తప్పి మా గేటు ముందు ఆగింది. డ్రైవరు కుర్రాడు నవ్వుతూ, "ప్రెసిడెంటుగారూ, ముందు మీకే" అన్నాడు. ఆ రోజు వంతు వెనక వీధిది. వెనక్కి తిప్పమని నేనంటే తిప్పేవాడే. అందుకే అనలేదు. మోకాళ్ళ నొప్పితోనే రెండంతస్తులెక్కి, పాత అధ్యక్షురాలి తలుపు కొట్టాను. "వచ్చి చెప్పండమ్మా, ఇంకా మీరే కదా" అన్నాను. ఆవిడ చీర సర్దుకుని, కళ్ళజోడు వెతుక్కుని, కిందికి దిగి టాంకరును వెనక వీధికి పంపేసరికి అరగంట పట్టింది. మా కోడలు ఖాళీ బిందెలు పట్టుకుని నన్ను గుర్రుగా చూస్తూ నిలబడే ఉంది. చూడనీ అనుకున్నాను.