మిరప కల్లంలో మీటింగు

కృష్ణా జిల్లాను విడదీసి మా ప్రాంతాన్ని కొత్త జిల్లాలో కలిపిన ఏడాది, జూన్‌లో నాకు ప్రధానోపాధ్యాయురాలిగా పదోన్నతి వచ్చింది. జగ్గయ్యపేటకు ఇవతల, హైవే పక్కనున్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పోస్టింగు. నేను చిన్నప్పుడు బడికి వెళ్లలేదు. నందిగామలో మా ఇంట్లోనే, ప్రార్థన అయ్యాక మా అమ్మ బైబిలు వాక్యం చదివించి, ఆపైన ఎక్కాలు అప్పజెప్పించుకునేది. ఏడో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాశాను. బడి గడప అంత ఆలస్యంగా తొక్కిన మనిషికి ఏకంగా బడి తాళాలే అప్పగించాడు దేవుడు. ఆయన హాస్యానికి ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

ప్రతి ప్రభుత్వ హైస్కూలుకూ ఒక అభివృద్ధి ప్రణాళిక ఉండాలి. బడికి ఏం కావాలి, ముందు ఏది, తర్వాత ఏది అన్నది అందులో ఉంటుంది. దాన్ని హెడ్మాస్టరు ఒక్కరే కూర్చుని రాయకూడదు, తల్లిదండ్రుల కమిటీతో కలిసి రాయాలి. మా కమిటీ ఛైర్‌పర్సన్ సామ్రాజ్యం. పదో తరగతి చదివే కీర్తన వాళ్లమ్మ, మిరప తోటల్లో కూలికి వెళ్తుంది. అయితే నేను చేరి ఆరు నెలలు గడిచినా ఆవిడ ముఖం చూడలేదు. మీటింగులకు ఆవిడ భర్త ఏసురత్నం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు. ఆటో నడుపుతాడు. ఊరంతా ఆయన్నే ఛైర్మన్ గారు అని పిలుస్తుంది, ఆయనా పలుకుతాడు. మా వైపు ఇది మామూలే. సామ్రాజ్యం గారు రాలేదేమండీ అని అడిగితే, "నేనొచ్చాగా మేడం" అన్నాడు, ఎంతో మర్యాదగా.

జనవరిలో ప్రణాళిక మీటింగు పెట్టాం. ఆనవాయితీ ప్రకారం పదకొండు గంటలకు. ఆ సమయానికి తల్లులందరూ తోటల్లో ఉంటారు. వచ్చినవాళ్లు ఏసురత్నం, ఇద్దరు పెద్దమనుషులు, మా స్టాఫు. గేటుకు ఆర్చి కట్టించి పైన కమిటీ పేర్లు చెక్కించాలన్నాడు ఏసురత్నం. పదో తరగతికి సాయంత్రం ఆరున్నర దాకా ప్రత్యేక తరగతులు పెట్టాలన్నారు మా లెక్కల మాస్టారు సుబ్బారావు గారు. రెండూ ఏకగ్రీవంగా తీర్మానం అయిపోయాయి. కాఫీలు వచ్చాయి.

తరగతులు మొదలైన వారానికి ఛైర్మన్ గారి అమ్మాయే బడికి రావడం మానేసింది. ఆ వెనకే వాళ్ల కాలనీ ఆడపిల్లలు మరికొందరు. స్టాఫ్ రూములో నవ్వులు. "ఆయన మన దగ్గర ఛైర్మనే మేడం, ఇంట్లో మెంబరు కూడా కాదు" అన్నారు సుబ్బారావు గారు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. పరీక్షలు దగ్గరకొచ్చాయి. కీర్తనను వచ్చే వారం నుంచి తోటకు తీసుకెళ్తామని వాళ్లమ్మ అందట. ఒక సీజను కూలికి దిగిన పిల్ల మళ్లీ బడికి రావడం నేను అరుదుగా చూశాను. ఆ రాత్రి ప్రార్థనలో ఆ పిల్ల పేరు పెట్టుకున్నాను. పొద్దున్నే ఏసురత్నాన్ని పిలిపించి, మీ ఆవిడ ఇప్పుడెక్కడ ఉంటుందని అడిగాను. మిరప కల్లంలో అన్నాడు. కోసిన కాయలు ఎండబెట్టి, రంగు పోయిన తాలు కాయలు వేరుచేసే చోటు అది. అయితే మీటింగు అక్కడే అన్నాను. మిగతా తల్లులూ అక్కడే ఉంటారు, చేతులకే పని, నోళ్లు ఖాళీ. కల్లం రైతు కాదనలేదు, ఆ మేలు నాకింకా గుర్తుంది.

మాస్టార్లను, ఆయమ్మను వెంటబెట్టుకుని కల్లానికి వెళ్లాను. మిరప ఘాటుకు సుబ్బారావు గారు ప్రణాళిక గురించి ఒక మాట అనేవారు, రెండుసార్లు తుమ్మేవారు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. "మాస్టారూ, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. మా ఛైర్మన్ గారిని చూడండి, ఎంత బుద్ధిగా కూర్చున్నాడో" అంది రజియా అనే ఆవిడ. ఏసురత్నం చేతికి ఎవరో అప్పటికే గంప అందించారు, ఆయనా కాయలు ఏరుతున్నాడు.

సామ్రాజ్యం తలెత్తకుండా చెప్పింది. "సాయంత్రం బస్సు దిగి కాలనీకి రావాలంటే వైన్ షాపు ముందు నుంచే రావాల మేడం. ఈయన ఆ టైముకి పేట బస్టాండులో బేరాలు చూసుకుంటా ఉంటాడు. నా పిల్లకి ఏదన్నా అయితే మీ తీర్మానం వచ్చి అడ్డం పడుద్దా?"

మరి పొద్దున పెడితే అన్నాను. తోటకు కూలీలను తీసుకెళ్లే ఆటో ఏసురత్నానిదే, ఏడింటికి మా గేటు ముందు నుంచే పోతుంది, పిల్లల్ని దింపొచ్చు. రజియా ఒప్పుకోలేదు. పొద్దున్నే తను పనికొస్తే, అంగన్‌వాడీ తెరిచేదాకా చిన్నవాడిని చూసేది పదో తరగతి చదివే పెద్దపిల్లే. వాదన చాలాసేపు సాగింది. చివరికి చిన్నవాడిని కూడా పంపమన్నాను, మా ఆయమ్మ చూసుకుంటానంది. ఏడింటికి రావడానికి మాస్టార్లలో ఇద్దరు గొణిగారు. సుబ్బారావు గారు ముందుగా ఒప్పుకున్నారు, బహుశా ఆ కల్లంలోంచి త్వరగా బయటపడాలని. తీర్మానం మార్చి రాసి, చదివి వినిపించాక, సామ్రాజ్యం చేతులు కడుక్కొచ్చి సంతకం పెట్టింది.

ఆర్చి సంగతేంటని ఏసురత్నం మెల్లిగా అడిగాడు. "ముందు పిల్లని గేటు దాకా తీసుకురా, తర్వాత ఆర్చి" అంది వాళ్లావిడ.

కీర్తన పరీక్షలన్నీ రాసింది, పాసైంది. లెక్కల్లో సుబ్బారావు గారు ఆశించినన్ని మార్కులు మాత్రం రాలేదు. రజియా చిన్నవాడు ఆ రెండు నెలల్లో పదో తరగతి పాఠాలు కొన్ని నోటికి నేర్చేశాడు.

రిటైరయ్యేదాకా ఆ తర్వాత నేను పెట్టిన ప్రతి మీటింగుకూ, నోటీసు రాయక ముందే తల్లులు ఆ గంటకు ఎక్కడుంటారో కనుక్కునేదాన్ని. మీటింగుకు గంట ఖరారు చేయడమంటే, ఎవరు మాట్లాడాలో ఎవరు మాట్లాడకూడదో ఖరారు చేయడమే. ప్రణాళికలో మొదటి అంశం అదే, అది కాగితం మీద కనిపించదు.