పదహారు ఎర్ర చుక్కలు

ఇప్పటి ఫోన్లు మనల్ని చచ్చేదాకా మర్చిపోవు. నా ఉద్యోగం కొత్తలో కంప్యూటరుకు మనిషిని మర్చిపోవడానికి పదిహేను నిమిషాలు చాలేది. అప్పుడు నేను తిరుపతిలో, రైల్వే స్టేషను వెనక ఒక లాడ్జిలో రిసెప్షను గుమాస్తాని. ఆ లాడ్జి కంప్యూటరు చూలు గేదెంత ఉండేది, బుసలు మాత్రం రెండు గేదెలవి. యాత్రికులంతా కొండకు వెళ్ళిపోయాక, పాత రేడియోలు బాగుచేసుకునే వాళ్ళ ఫోరం ఒకటి అందులో తెరిచి కూర్చునేవాణ్ణి. ఒకరు ప్రశ్న రాస్తే దాని కింద పదిమంది జవాబులు రాసే చోటది. సరదాకు కాదు. తుంటి విరిగి మంచాన పడ్డ మా నాయనకు ఒక పాత రేడియో ఉండేది. తాను పొద్దుటి వార్తలు వినకపోతే ఢిల్లీలో పనులు ఆగిపోతాయని ఆయన గట్టి నమ్మకం. లోపలి గాజు వాల్వు ఒకటి మాడిపోయి అది మూగబోయింది. ఆ వాల్వు పేరు చెప్పగానే ఊళ్ళో ప్రతి షాపువాడూ నాకు సంతాపం తెలిపాడు. సాయంత్రం నేను ఇల్లు చేరగానే నాయన ముందు నా చేతుల వైపు చూసేవాడు, తర్వాతే ముఖం వైపు.

ఫోరంలో మనం చదవని రాతల పక్కన ఎర్ర చుక్క వెలిగేది. తెరిస్తే ఆరిపోయేది. పదిహేను నిమిషాల్లో ఏదీ పంపకపోతే, కొత్త పేజీ తెరవకపోతే (టైపు చేయడం దాని లెక్కలోకి రాదు) అది మనల్ని బయటికి నెట్టి తలుపేసుకునేది. నేను ఒంటి వేలితో టైపు చేసేవాణ్ణి (ఆ వేలు అరిగి ఇప్పటికీ అర అంగుళం పొట్టి). ఒక వాక్యం పూర్తయ్యేలోగా ఇద్దరు యాత్రికులు వేడినీళ్ళడిగేవాళ్ళు, ఒకాయన తాళంచెవి పోగొట్టుకుని వచ్చేవాడు. తిరిగి చూసేసరికి నేను ఫోరం బయట వీధిలో ఉండేవాణ్ణి. విసిగిపోయి ఒకరోజు ‘నన్ను గుర్తుంచుకో’ అనే గడిలో టిక్కు పెట్టాను. ఆ తర్వాత ఆ కంప్యూటరు ముందు ఎవరు కూర్చున్నా ఫోరానికి వాళ్ళు నేనే.

నా తర్వాత కూర్చునేది మా మేనేజరు, టిక్కు సారు. డ్యూటీ మారేటప్పుడు రిజిస్టరులో ఏ వరుసా టిక్కు లేకుండా ఉండకూడదన్నది ఆయన మతం. రూము ఖాళీ అయినా టిక్కే, దుప్పటి ఉతికినా టిక్కే. ఒకసారి పొరపాటున గోడ మీది బల్లికి కూడా టిక్కు పెట్టాడని మా వంటమనిషి సాక్ష్యం. ఒక పొద్దున నేను డ్యూటీకి వచ్చేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది.

“ఏమప్పా, పదహారు ఎర్ర చుక్కలు పెండింగు పెట్టుకోని యాడికి పోయినావు? అన్నీ చదివినట్టు చేసేదానికి కిందనే మీట ఉండాది, సూడు. నొక్కేసినా. ఇప్పుడు అద్దం మాదిరి ఉండాది. ఇంక దినామూ డ్యూటీ దిగేటప్పుడు నేనే నొక్కేస్తాలే.”

నేను ఆయనకు థాంక్స్ కూడా చెప్పాను.

ఆ వాల్వు ఎక్కడ దొరుకుతుందని నేను ఫోరంలో అడిగిన ప్రశ్నకు, నగరి నుంచి వాల్వు మామ అనే పేరుతో రాసే పెద్దాయన ఒకరు, తన దగ్గర ఉందేమో అటక మీద వెతికి చెబుతానని అంతకు ముందే రాసి ఉన్నాడు. నేను రోజూ చుక్క కోసం చూశాను. చుక్క లేదు. నాలుగో రోజుకు ఆయన కోతలరాయుడని తేల్చాను. ఎనిమిదో రోజుకు అసలు నగరిలోనే రేడియోలు లేవని తేల్చాను. పదకొండో రోజు, నా ప్రశ్న నేనే ఎంత బాగా రాశానో ఇంకోసారి చదువుకుందామని (ఆ జబ్బు ఇంకా ఉంది) ఆ పేజీ తెరిచాను. కింద జవాబు ఉంది. వాల్వు దొరికింది. శుక్రవారం పది గంటలకు తిరుపతి బస్టాండులో, నగరి బస్సులు ఆగే చోట కూర్చుంటాను, పచ్చ కండువా చూసి పలకరించు అని రాశాడు. ఆ శుక్రవారం దాటిపోయి వారమైంది. దాని కింద అదే సాయంత్రం ఇంకో వరుస: మూడు గంటలు చూసి వెనక్కి వచ్చేశాను, ఏం పరవాలేదు.

టిక్కు సారు మీద కోపంతో ముందు చేసిన పని, గుర్తుంచుకో గడిలో టిక్కు తీసెయ్యడం. తర్వాత కూర్చుని మామకు విడిగా ఒక ఉత్తరం టైపు చేశాను. రాళ్ళు కరిగే ఉత్తరం. గంట పట్టింది. పంపు మీట నొక్కాను. మీరెవరు, మళ్ళీ లోపలికి రండి అంది ఫోరం. ఉత్తరం ఆవిరైపోయింది. రెండోసారి వేలికి ఓపిక లేక రెండే ముక్కలు రాశాను: తప్పు నాది. నేనే వస్తాను. పంపినవాటి పక్కన అవతలివాళ్ళు చదివారో లేదో చూపించేది. మూడు వారాలు ‘చదవలేదు’ అనే ఉంది.

ఒక సెలవునాడు నగరి బస్సెక్కాను. ఆ ఊళ్ళో మరమగ్గాల మోతకు దేవుడు పిలిచినా వినపడదు. వాల్వు మామ అని నేనరిస్తే ఒకాయన దారపు కండె తెచ్చిచ్చాడు, ఇంకొకాయన మంచినీళ్ళు. నాలుగో వీధిలో, రేడియోలు బాగుచేసే మామ అని నేను చేతులతో అభినయించాక ఇల్లు చూపించారు. తలుపు తీసిన పెద్దామె నన్ను చూసి, చెప్పకముందే పోల్చుకుంది.

“తిరపతి అబ్బివి కదా? ఆయన పోయి ఇరవై దినాలాయె. గుండెనొప్పి. నువ్వు రాలేదని ఏమీ అనుకోలేదులే. ఆ పిల్లోడికి డ్యూటీ పడి ఉంటాది అనినాడు.”

లోపలికెళ్ళి టిఫిను డబ్బా తెచ్చింది. అందులో దూది మధ్య వాల్వు, అప్పుడే పుట్టిన పిట్టపిల్లలా ఉంది. బస్టాండుకు తెచ్చిన డబ్బా అదేనట. ఒడిలో పెట్టుకుని బస్సు కుదుపులకు పగలకుండా రెండు చేతులా పట్టుకుని వచ్చాడట. నేను కూడా అలాగే పట్టుకుని వెళ్ళాను.

రేడియో పలికింది. నాయన వార్తలు పూర్తిగా విని, ఢిల్లీని పనులు చేసుకోమని అనుమతించి, తల నా వైపు తిప్పాడు.

“ఎవురిచ్చినార్రా?”

“నగరిలో ఒక మామ.”

“ఒకసారి ఇంటికి పిల్చుకోని రా. కాఫీ తాగి పోతాడు.”

సరే అన్నాను. ఆ ఫోరం ఇంకా ఉంది. ఏడాదికొకసారి వెళ్ళి చూస్తాను. నా రెండు ముక్కల పక్కన ‘చదవలేదు’ అనే ఉంటుంది. చూస్తూ కూర్చుంటే పదిహేను నిమిషాలకు నన్ను బయటికి పంపేస్తుంది.

మొన్న మా అమ్మాయి నా ఫోను తీసుకుని, నాలుగు వేల మెసేజీలు చదవకుండా పెట్టుకున్నావేంది నాయనా, అన్నీ ఒక్కసారే చదివినట్టు చేసేస్తా ఉండు అంది. ఈ వయసులో, ఈ మోకాళ్ళతో నేను అంత ఎత్తు ఎగరగలనని అప్పుడే తెలిసింది. ఫోను లాక్కున్నాను. అప్పటి నుంచి రోజుకు నలభై చొప్పున చదువుతున్నాను. ముప్పాతిక భాగం మా బావమరిది పంపిన గులాబీ పూల శుభోదయాలే. నిన్నటికి పోయిన ఉగాదికి చేరాను. ఒక్కొక్క పువ్వునూ తెరిచి, దాని వెనక ఎవరైనా పచ్చ కండువా వేసుకుని బస్టాండులో కూర్చున్నారేమో చూసి, లేరని తేలాకే మూస్తున్నాను.