మచ్చ ఫిల్ముది కాదు

ఆస్పత్రిలో అందరూ ఆయన్ని డార్క్‌రూమ్ బాబాయి అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఎర్రదీపం కింద నిలబడి ఎక్స్‌రే ఫిల్ములు కడుగుతున్నాడు. పొద్దున్నే దేవుణ్ణి తలచుకుని గానీ ఫిల్ములు కడిగే మందునీళ్ళ తొట్టిలో చెయ్యి పెట్టడు. ఎవరేమన్నా తలవంచుకుని పోయే మనిషే, ఫిల్ము బాగాలేదంటే మాత్రం ఊరుకోడు.

ఆ రోజు కుట్టుపని చేసుకునే ఒకావిడ డొక్కలో నొప్పని వచ్చింది. మనిషి చిక్కి సగమైంది. కడుపు ఫొటో తీసి, కడిగి పంపాడు. పావుగంటకల్లా కుర్ర డాక్టరు తిప్పి పంపాడు. రెండు డొక్కల్లోనూ సున్నం చిలకరించినట్టు తెల్లటి చుక్కలు. మందునీళ్ళు పాడయ్యాయి, మళ్ళీ తియ్యమన్నాడు.

బాబాయి నీళ్ళు మార్చాడు. తొట్టి తోమాడు. మళ్ళీ తీస్తే చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. బట్టల్లో గుండుసూదులేమన్నా ఉండిపోయాయేమోనని ఆస్పత్రి గౌను వేయించి మూడోసారి తీశాడు.

"నా పెళ్ళికి కూడా ఇన్ని ఫొటోలు తియ్యలేదన్నయ్యా," అందావిడ విసుగ్గా. "పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

బల్ల జరిపి కూర్చోబెట్టి, గ్లాసుతో నీళ్ళిచ్చాడు. లోపల మాత్రం ఉడికిపోతున్నాడు. మూడోదీ అంతే. ఇక తిక్కరేగి, వాడని ఫిల్మొకటి తీసి అదే నీళ్ళలో ముంచాడు. ఒక్క చుక్క లేదు.

రెండూ పట్టుకుని డాక్టరు గదికి నడిచాడు.

"ఫిల్ము లోపమని రాసేశాను బాబాయ్. నొప్పి మాత్రలిచ్చి ఇంటికి పంపేద్దాం."

"ఎలా పంపుతారు బాబూ? చుక్కలు నా తొట్టిలో లేవు. ఆవిడలో ఉన్నాయి."

"మనిషిలోకి సున్నమెలా వస్తుంది?"

"అది చదువుకున్నవాళ్ళు చెప్పాలి. నేను కడిగేవాణ్ణి."

పక్కగదిలోంచి పెద్ద డాక్టరమ్మ వచ్చింది. ఫిల్ము వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది. ఆవిణ్ణి పిలిపించి, "చిన్నప్పుడు తల ఫొటో కోసం మెడలో సూది ఇచ్చారా తల్లీ?" అంది.

"పన్నెండో ఏట. మూర్ఛలొచ్చేవి. మా నాన్న భుజాన వేసుకుని తీసుకెళ్ళాడు. నలభై ఏళ్ళయింది."

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఆ రోజుల్లో రక్తనాళాలు కనబడాలని ఎక్కించిన ఒక మందులో రేడియోధార్మిక పదార్థం ఉండేది. అది ఒంట్లోంచి పోదు. కుడి డొక్కలో కాలేయంలో, ఎడమ డొక్కలో ప్లీహంలో పేరుకుని, ఫొటోలో ఇలా తెల్లగా కనబడుతుంది, బతికున్నన్నాళ్ళూ కిరణాలు విడుస్తూనే ఉంటుంది. కొందరికి ముప్పై నలభై ఏళ్ళ తర్వాత కాలేయంలో క్యాన్సరు గడ్డ లేస్తుంది. అది తెలిసే ఆ మందు మానేశారు. ఇప్పటివి వేరు.

"మానేసినవాళ్ళు మాకో కార్డుముక్క రాయలేకపోయారా?"

డాక్టరమ్మ ఫిల్ము దించి కవర్లో పెట్టింది.

"నా పిల్లలకేమన్నా..."

"లేదమ్మా. వాళ్ళకేం భయం లేదు."

ఆవిడ ఊపిరి పీల్చుకుంది. గడ్డ ఉందో లేదో రేపే పెద్దాస్పత్రిలో చూపించుకోమని డాక్టరమ్మ చీటీ రాసింది.

బయటికొచ్చాక బాబాయి గొణుక్కున్నాడు. అక్కడా ఇదే తంతు. మళ్ళీ ఫిల్ము పాడైందంటారు, మళ్ళీ మూడుసార్లు తీస్తారు. జేబులోంచి పెన్ను తీసి ఫిల్ము కవరు మీద రాశాడు: 'మచ్చలు ఫిల్మువి కావు. మెడలో సూది, నలభై ఏళ్ళ కిందట.'

ఆవిడ తల వంచి చదివింది. "ఇంకాస్త పెద్దగా రాయన్నయ్యా. వీళ్ళకి కళ్ళు ఆనేట్టు లేవు."

ఆయన లోపలికెళ్ళి లావు పెన్ను వెతుక్కొచ్చి, ఒక్కో అక్షరమే దిద్దుతూ కూర్చున్నాడు.