బుగ్గ మీద మడమ

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు అతిశయోక్తి జబ్బుంది. ఇదంతా కాస్త తగ్గించి చదువుకోండి.

కువైట్‌లోని ఖైతాన్‌లో, కంప్యూటర్ మీద మనుషుల బొమ్మలు చెక్కే చిన్న ఆఫీసులో పని చేస్తాను. ముక్కూ మూతీ తక్కినవాళ్లు చెక్కుతారు. చర్మం మీద రంధ్రాలు, ముడతలు, పగుళ్లు నా వంతు. ఒక కువైటీ పెద్దావిడ చనిపోయిన తన భర్త బొమ్మ చేయమంది. ఆవిడ ఇచ్చిన ఫొటోలో ఉన్నది మనిషో, ఇసుక తుఫానో తేల్చడానికి ఆఫీసంతా ఓటింగు పెట్టుకున్నాం.

"ఆవిడకు నచ్చకపోతే నీ ఇఖామా ఖలాస్" అన్నాడు కఫీల్, అంటే నా వీసాకు పూచీపడ్డ యజమాని. ఇఖామా పోతే ఈ దేశంలో ఉండనివ్వరు.

చర్మం ఎక్కణ్ణుంచి తేను? నా మడమను ఫొటో తీసి, ఆ పగుళ్లను బొమ్మ బుగ్గలకు అద్దాను.

పెద్దావిడ వచ్చి, తెరకు ముక్కు ఆనించి, ఒక యుగంపాటు చూసి అరబీలో ఏదో అంది. మా కోనసీమ సత్తిబాబు తర్జుమా చేశాడు.

"ఆయ్, ఇది బుగ్గ కాదంటండి. ఆయన మడమంటండి. నలభై ఏళ్లు నూనె రాశాను, నాకు తెలీదా అంటన్నారండి."

"చచ్చామా, సత్తీ?"

"లేదండి. బుగ్గలు నున్నగా చేసేసి, ఈ పగుళ్లు కాళ్లకి దించమంటన్నారండి. చెప్పులు మాత్రం తొడగొద్దంటండి."

దించాను. ఇఖామా రెన్యువలైంది.

ఇందులో పచ్చి అబద్ధం ఒక్కటే. ఆ మడమ నాది కాదు, మా ఆవిడది. ఆవిడ ఏ పత్రికనైనా సగం చదివి పక్కన పడేస్తుంది. ఆ ధైర్యంతోనే ఈ ముక్క చివర్లో రాశాను.